కుక్కేమో పిల్లకి, నడకేమో వాచ్‌మన్‌కి

సంపాదకుడు గారికి నమస్కారం.

పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారు, ఒళ్లు వంచడం లేదు, పదేళ్లకే పొట్టలొస్తున్నాయి అని మీ పేపర్లో నెలకోసారైనా ఏదో ఒక వ్యాసం వస్తూనే ఉంటుంది. అన్నీ చదువుతాను, ఎందుకంటే ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి, పిల్లల భాషలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టార్ని. ఆ వ్యాసాల చివర డాక్టరు గారు "పిల్లలను రోజూ గంటసేపు ఆడించండి" అని చెప్పి ఊరుకుంటారు. ఎక్కడ ఆడించాలి, ఎప్పుడు ఆడించాలి, వాడు రానని సోఫాలో ముడుచుకు పడుకుంటే ఏం చెయ్యాలి, అది మాత్రం చెప్పరు. నేనిప్పుడు చెప్పబోయేది, అంటే ఇంటి కుక్కని పిల్లల చేతే తిప్పించడం, కూడా పెద్ద మందేమీ కాదు. మా ఇంట్లో కళ్లారా చూసింది, అంతే. కాకపోతే మా వీధిలో ఇంటింటికీ పనికొచ్చేదై ఉండి కూడా ఎవరూ వాడుకోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఏడు కుక్కలు. లాబ్రడార్లు మూడు, బొచ్చుతో కళ్లు కనబడని షిట్జూలు రెండు, ఒక పమేరియన్, ఒక నాటు కుక్క. ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట, "పిల్లల కోసం తెచ్చామండీ" అని. ఒక్కడే పిల్లాడు, తోడుంటుందని. ఫోన్ మానేస్తాడని. బాధ్యత తెలుస్తుందని. సరే, మంచిదే. మరి పొద్దున్నే ఆ ఏడు కుక్కలనీ తిప్పుతున్నది ఎవరయ్యా అంటే మా వాచ్‌మన్, కుదిరినప్పుడు ఆయన పధ్నాలుగేళ్ల కొడుకు. కుక్కకి ఇంత అని నెలకి లెక్క. కుక్కేమో పిల్లల కోసం, నడకేమో వాచ్‌మన్‌కి! నిజంగా చెబుతున్నాను, మా బిల్డింగ్‌లో నాలుగంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలిగిన పిల్లాడు ఎవరంటే ఆ వాచ్‌మన్ కొడుకొక్కడే. మిగతావాళ్లు లిఫ్టు పాడైతే కింద కూర్చుని అమ్మలకి ఫోన్లు చేస్తారు.

మా ఇల్లు మాత్రం ఏం తక్కువ తిన్నది. మూడేళ్ల కిందట మా అబ్బాయి ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చాడు, మా మనవరాలు అప్పుడు మూడో క్లాసు. కుకీ అని పేరు పెట్టింది. మా కాలంలో కుక్కంటే టామీయే, ఊళ్లో నాలుగు కుక్కలుంటే నాలుగూ టామీలే, పిలిస్తే నాలుగూ వచ్చేవి. సరే, కుకీయే. మొదటి నెల రోజులు పిల్లా కుక్కా ఒకే కంచంలో తిన్నంత పని చేశారు. తర్వాత మామూలే. ట్యూషను, హోంవర్కు, ఐఐటీ ఫౌండేషను (మూడో క్లాసుకి కాదులెండి, ఆరో క్లాసుకి, అయినా నవ్వొచ్చే విషయమే). కుక్కని తిప్పే పని వాచ్‌మన్‌కి పదిహేను వందలకి కుదిర్చారు. నేనూ నోరెత్తలేదు. జీవితమంతా ఊరి పిల్లలందరినీ పరుగులు పెట్టించినవాణ్ణి ఇంట్లో పిల్లని అడగలేకపోయాను, అది నా తప్పే.

మొన్న వేసవి దాటాక వాచ్‌మన్ తమ్ముడి పెళ్లని కుటుంబంతో సహా వాళ్ల ఊరు వెళ్లిపోయాడు, పది రోజులు రానన్నాడు. మొదటి రోజు పొద్దున ఐదున్నరకి కుకీ వెళ్లి తలుపు దగ్గర చెప్పుల స్టాండు పక్కన నిలబడింది. అరవలేదు. ఊరికే నిలబడి ఒకసారి తలుపు వైపు, ఒకసారి మా వైపు చూడటం, మళ్లీ తలుపు వైపు చూడటం. మా అబ్బాయి నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడు, కోడలు వంటింట్లో క్యారేజీలు కడుతోంది, నాకేమో మోకాళ్లు. పావుగంట అలాగే నిలబడింది ఆ కుక్క. చివరికి మా మనవరాలే కళ్లు నులుముకుంటూ వచ్చి "తాతయ్యా, దానికి అర్జెంటేమో, పాపం, పద" అని గొలుసు తీసింది. నా మోకాళ్ల సంగతి నేనే మర్చిపోయి చెప్పులేసుకున్నాను.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. ముప్పై ఏళ్లు ఈల ఊదాను కదా, పిల్లలు డ్రిల్లు ఎగ్గొట్టడానికి చెప్పే సాకులన్నీ నాకు కంఠస్థం. కడుపునొప్పి, కాలు బెణికింది, షూస్ తడిసిపోయాయి, మా అమ్మ ఎండలో తిరగొద్దంది. మాస్టారికి సాకు చెబితే సరిపోతుంది. కుక్కకి సాకు చెప్పలేం. అది నమ్మదు, నమ్మకపోగా వచ్చి ఒళ్లో తల పెడుతుంది. పిల్లలకి "నీ ఆరోగ్యం కోసం నడవ్వే" అంటే చెవికెక్కదు, పదకొండేళ్ల పిల్లకి ఆరోగ్యమంటే ఏమిటి, అది ఉన్నంతకాలం ఎవరికీ కనబడదు కదా. "కుక్కకి అర్జెంటు" అంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది.

ఆ పది రోజులూ మేమే తిప్పాం. వాచ్‌మన్ వచ్చాక కూడా మానలేదు. (ఆయన పదిహేను వందలు ఏమయ్యాయని అడిగేవాళ్లుంటారు. ఆగలేదు. మా అబ్బాయి కారు కడిగే పని కూడా ఆయనకే ఇచ్చాడు. మన పిల్లల ఆరోగ్యం కోసం ఇంకొకళ్ల పొట్ట మీద కొట్టక్కర్లేదు.)

ఆ నడక ఎలా ఉంటుందో కాస్త చెబుతాను, ఎందుకంటే చాలామంది కుక్కను తిప్పడమంటే గేటు బయట కరెంటు స్తంభం దాకా వెళ్లి, పని కాగానే వెనక్కి లాక్కొచ్చేయడం అనుకుంటారు. అది నడక కాదు. మేము ఇంటి సందులోంచి బయటపడి, బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీదకి వెళ్తాం. ఒకప్పుడు రైలు పట్టాలుండేవి అక్కడ, పాతవాళ్లకి గుర్తుంటుంది. సాయంత్రమైతే తిండి బళ్లూ బైకులూ, కుక్కకే కాదు మనిషికే చోటుండదు, పొద్దున ఆరింటి లోపు మాత్రం హాయిగా ఉంటుంది. మొదటి పది నిమిషాలు కుకీ రాజ్యం. ప్రతి చెట్టూ, ప్రతి బండి టైరూ వాసన చూడాలి. రాత్రి మూసేసిన సోడా బండి దగ్గర రెండు నిమిషాలు తప్పనిసరి, అక్కడ ఏముందో ఇప్పటికీ మాకు అంతుపట్టలేదు. కుక్కకి వాసన చూడటమంటే మనకి పేపరు చదవడం లాంటిది, లాగేయకూడదు. ఆ పది నిమిషాలయ్యాక దానికీ ఊపొస్తుంది, అప్పుడు నడక మొదలు. మా మనవరాలికి నేనొక కొలత చెప్పాను: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఒంటికి పనికొచ్చే నడక వేగం అది. ఇప్పుడది ప్రతిరోజూ మధ్యలో పాట ఎత్తుకుని, ఊపిరందక ఆగిపోయి, "తాతయ్యా, కరెక్ట్ స్పీడే" అంటుంది. మొదటి రోజు పది నిమిషాలకే నడుం పట్టుకుని నిలబడిన పిల్ల ఇప్పుడు అరగంటకి పైనే నడుస్తోంది. ఫోన్‌లో అడుగులు లెక్కపెడితే రెండు వేల ఐదు వందలకి అటూ ఇటూ చూపిస్తోంది. వెనకబడేది నేనే.

మా అబ్బాయికి ఏది చెప్పినా ఆధారం కావాలి. కూర్చుని వెతికి రెండు మూడు అధ్యయనాలు చదివి వినిపించాడు. ఇంగ్లండులో తొమ్మిది పదేళ్ల వయసున్న రెండు వేలమందికి పైగా పిల్లల నడుముకి కదలికలు కొలిచే పరికరం కట్టి చూశారట. లండన్, బర్మింగ్‌హామ్, లీసెస్టర్ బడుల పిల్లలు. 2010లో వచ్చిన ఆ లెక్క ప్రకారం ఇంట్లో కుక్క ఉన్న పిల్లలు మిగతావాళ్లకన్నా రోజుకి సుమారు 360 అడుగులు ఎక్కువ వేశారు. వినగానే నేను నవ్వాను. 360 అడుగులంటే ఎంత, వీధి చివర కిరాణా కొట్టుకెళ్లి కొత్తిమీర తెచ్చినంత. కుక్కని ఇంట్లో ఉంచుకున్నంత మాత్రాన ఒరిగేది అంతే మరి! వాళ్ల ఇళ్లలోనూ కుక్కను తిప్పే పని నాన్నలదో అమ్మలదో అయుంటుందని నా అనుమానం. ఆ తర్వాత 2019లో లివర్‌పూల్ దగ్గర ఇంకో అధ్యయనం చేశారు. అందులో కుక్క ఉన్న పెద్దవాళ్లు, వారానికి నూట యాభై నిమిషాలు ఒళ్లు కదిలించాలన్న లెక్కను అందుకునే అవకాశం కుక్క లేనివాళ్లకన్నా నాలుగింతలు ఎక్కువని తేలింది. ఆ ఇళ్లలో పిల్లలు కూడా ఎక్కువ నడుస్తున్నామనే చెప్పారట. నాకు తెలిసొచ్చిందేమిటంటే గొలుసు ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లది. ఇందులో పెద్ద సైన్సేమీ లేదు.

మూడోది మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఆస్ట్రేలియా పశ్చిమ రాష్ట్రంలో ఆరు వందల మంది చిన్నపిల్లల్ని మూడేళ్లు వెంబడించి చూశారు, అందరూ రెండు నుంచి ఏడేళ్ల లోపు వాళ్లే, 2024లో ఫలితాలు వచ్చాయి. మధ్యలో ఇంటికి కుక్క వచ్చిన ఆడపిల్లల్లో చిన్నా చితకా కదలికలూ ఆటలూ కలిపి రోజుకి 52 నిమిషాలు పెరిగాయట. ఉన్న కుక్క పోయిన ఇళ్లలో ఆడపిల్లలకి 62 నిమిషాలు తగ్గిపోయాయట. తేడా బాగా కనిపించింది ఆడపిల్లల్లోనే. ఆ దేశంలో ఎందుకలా అయిందో గానీ మన దగ్గరైతే దానికి కారణం నేను చెప్పగలను, నా సర్వీసంతా చూశాను కాబట్టి. ఆరో క్లాసులో మగపిల్లలతో సమానంగా ఖోఖో ఆడిన పిల్ల, ఎనిమిదో క్లాసుకి వచ్చేసరికి వేపచెట్టు కింద చున్నీ సర్దుకుంటూ కూర్చుంటుంది. ఆడాలని ఉంటుంది, కళ్లు ఆట మీదే ఉంటాయి. లేవదు. ఇంట్లో వద్దన్నారు, లేదా గోడ మీద కూర్చున్న కుర్రాళ్లు చూస్తున్నారు, లేదా ఆ మూడు రోజులు. సాయంత్రం వీధిలో మగపిల్లాడు నిలబడితే ఎవరూ ఏమీ అనరు. పదమూడేళ్ల ఆడపిల్ల ఊరికే నిలబడితే మాత్రం ఎదురింటావిడ దగ్గర నుంచి అందరూ "ఏంటమ్మా, ఇక్కడున్నావ్" అని అడిగేవాళ్లే. ఆడపిల్ల వీధిలో ఉండాలంటే మన ఊళ్లలో చేతిలో ఒక పని ఉండాలి. చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క ఉంటే ఇక ఎవరూ అడగరు, పైగా "దీని పేరేంటమ్మా" అని కుక్కని పలకరిస్తారు. మా మనవరాలు మా వీధిలో ఎంతమందికి తెలుసో ఈ మధ్యే గమనించాను. ఇస్త్రీ బండి ఆయన, పాల ప్యాకెట్ల కుర్రాడు, ముగ్గు వేసే ఆవిడ, అందరూ ముందు కుకీని పిలిచి తర్వాత మా పిల్లని పిలుస్తారు. ఇదివరకు అది వీళ్లందరినీ స్కూలు బస్సు కిటికీలోంచి చూసేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజూ సగటున గంటసేపు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా కదలిక ఉండాలి. 2016 నాటి వివరాలతో వాళ్లే వేసిన లెక్కలో పదకొండు నుంచి పదిహేడేళ్ల వాళ్లలో ప్రపంచం మొత్తం మీద 81 శాతం మంది ఆ గంటను అందుకోవడం లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. కుక్క నడకతో ఆ గంట మొత్తం నిండుతుందని నేననను. అరగంట వస్తుంది, అందులో గట్టిగా నడిచేది ఇరవై నిమిషాలు. కబడ్డీకీ తాడాటకీ ఇది సాటి రాదు. ఎముకలూ కండరాలూ గట్టిపడే ఆటలు వారానికి మూడు రోజులైనా విడిగా ఆడాల్సిందే. కానీ సున్నా మీద ఉన్నవాళ్లకి ఇరవై నిమిషాలంటే తక్కువేం కాదు, పైగా వానొచ్చినా పండగొచ్చినా ఆదివారమైనా సెలవు లేని ఇరవై నిమిషాలు.

ఇక జరిగిన గొడవ కూడా చెప్పాలి, లేకపోతే అంతా బాగానే ఉందని మీ పాఠకులు రేపే పిల్లల చేతికి గొలుసు ఇచ్చేస్తారు. మూడో వారంలో ఒకరోజు ఆగి ఉన్న ఆటో కింద నుంచి పిల్లి ఒకటి దూకింది. కుకీ బరువు ఇరవై ఎనిమిది కేజీలు, మా మనవరాలు ముప్పై మూడు. ఒక్క ఉదుటున లాగేసరికి పిల్ల బోర్లా పడింది, రెండు గజాలు ఈడ్చుకుపోయింది కూడా, ఎందుకంటే గొలుసు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. మోకాలు చిట్లింది, అరచెయ్యి గీసుకుపోయింది, మణికట్టు మీద ఎర్రగా వాత. ఇంటికెళ్లాక కోడలు ఒక్కమాటే అంది, "ఇంక చాలు మామయ్యగారూ" అని. నేను తలదించుకున్నాను. ఎందుకంటే తాడులాగుడు పోటీల్లో తాడు చేతికి చుట్టుకోకూడదని కొన్ని వందల మంది పిల్లలకి అరిచి అరిచి చెప్పినవాణ్ణి నేను. ఆటగాళ్లకి చెప్పింది మనవరాలికి చెప్పడం మరిచిపోయాను. గొలుసూ తాడే కదా!

నాలుగు రోజులు ఆగి, కోడల్ని ఒప్పించి, పద్ధతి మార్చాం. మెడకి బెల్టు బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టా కొన్నాం, దానికి ముందువైపు కొక్కెం ఉంటుంది, కుక్క లాగితే పక్కకి తిరిగిపోతుంది గానీ ముందుకు దూకలేదు. ఇనప గొలుసు తీసేసి చేతికి గుచ్చుకోని గుడ్డ తాడు తెచ్చాం. పట్టుకోవడం ఎలాగంటే, పిడిని అరచేతిలో పెట్టుకుని మూసెయ్యడమే, చుట్టడం లేదు, మరీ లాగితే వదిలెయ్. కుక్క పోతే వెతుక్కుందాం, చెయ్యి పోతే కష్టం. రెండో తాడు ఒకటి నా చేతిలో ఉంటుంది. ఇంకో పరీక్ష కూడా పెట్టాను: తాడు రెండో కొస నేను పట్టుకుని, చెప్పకుండా ఒక్కసారి లాగుతాను, పిల్ల మోకాళ్లు వంచి నిలదొక్కుకోవాలి. మొదట్లో ముందుకు తూలేది, ఇప్పుడు నన్నే లాగుతోంది. ఈ పరీక్షలో నిలవలేని పిల్లలకి పెద్ద కుక్కని ఒంటరిగా ఇవ్వకండి, షిట్జూ అయితే వేరే సంగతి. ఎంత చిన్న కుక్కయినా సరే పన్నెండు పదమూడేళ్లు వచ్చేదాకా పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందేనని నా అభిప్రాయం. పెద్దవాళ్లు పక్కన ఫోన్ చూసుకుంటూ కాదు.

అందుకు అసలు కారణం మన కుక్క కాదు, వీధి కుక్కలు. దీని గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం రాస్తే మోసమే అవుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధి కుక్కలు చంపేసిన వీడియో మనమంతా చూశాం, ఆ తర్వాత నెలలపాటు నేను కర్ర లేకుండా బయటికి వెళ్లలేదు. 2025లో సుప్రీంకోర్టులో వీధి కుక్కల మీద నడిచిన వ్యవహారమూ అందరికీ తెలిసిందే. ఆగస్టు 11న ఒక ఉత్తర్వు, 22న దానికి మార్పు, నవంబరులో బడులూ ఆసుపత్రులూ బస్టాండ్ల నుంచి కుక్కల్ని తీసెయ్యమని ఇంకో ఉత్తర్వు. కోర్టులో ఏది తేలినా మా సందు చివర ఐదు కుక్కలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. గొలుసుతో కట్టిన కుక్కని చూస్తే అవి ఇంకా రెచ్చిపోతాయి. మేము నేర్చుకున్నదేంటంటే పరుగెత్తకూడదు, రాయి తియ్యకూడదు, కుక్కని మధ్యలో పెట్టుకుని పక్కకి తిరిగి నెమ్మదిగా దారి మార్చుకోవాలి. ఆ సందులోకి అసలు వెళ్లం. దారి ముందే అనుకోవాలి, రోజూ అదే దారి, అదే టైము. ఒకవేళ కరిస్తే, గీరినా సరే, పసుపూ కారం కాఫీపొడీ పూయొద్దు, పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకా సర్కారు ఆసుపత్రిలోనూ ఉంటుంది, ఎన్ని సూదులు చెబితే అన్నీ పూర్తిచెయ్యాలి, రెండు వేయించుకుని బాగానే ఉంది కదా అని మానేసేవాళ్లని నేను చూశాను. మన కుక్కకి ఏటా రేబిస్ సూది సంగతి చెప్పక్కర్లేదు. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించిన రోజు) అని పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. ఫ్రాన్సు శాస్త్రవేత్త పాశ్చర్ మొదటిసారి రేబిస్ టీకా వేసింది ఆ తేదీనే, 1885లో, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి. మా మనవరాలికి ఈ కథ చెప్పి తీసుకెళ్లాను, సూది వేసేటప్పుడు కుకీ తల అదే పట్టుకుంది, కళ్లు మాత్రం మూసుకుంది.

ఎండ సంగతి బెజవాడ వాళ్లకి నేను చెప్పడమేంటి. అయినా ఒక్కమాట, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదింటికి కూడా తారు రోడ్డు పెనంలా ఉంటుంది, మనకి చెప్పులున్నాయి, దానికి లేవు. అరచెయ్యి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, పెట్టలేకపోతే కుక్కనీ నడిపించొద్దు, పిల్లనీ నడిపించొద్దు.

టైము లేదంటారు. నిజమే, బస్సు ఏడున్నరకి, ఇంటికొచ్చేది ఆరు దాటాక, తర్వాత ట్యూషను. చాలా ప్రైవేటు స్కూళ్లు అపార్ట్‌మెంట్లలోనే నడుస్తున్నాయి, ఆటస్థలమంటే కారు పార్కింగే. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది, రాసి ఉన్నవన్నీ ఉంటే ఈ ఉత్తరం అవసరమే లేదు. స్కూలు ఇవ్వని గంటలో సగం కుక్క ఇస్తోంది, ఐదున్నరకి లేవాలి, అంతే. మా మనవరాలు రాత్రి ఫోన్ తొందరగా పక్కన పడేస్తుందన్నది దీంతో వచ్చిన కొసరు లాభం. మేం చెబితే వినలేదు గానీ, కుకీ లేపుతుందని తెలిసి తొమ్మిదిన్నరకే పడుకుంటోంది.

మాకు అసలు తలనొప్పి ఎక్కడొచ్చిందంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర. కుక్కల్ని లిఫ్టులో తేకూడదు, పిల్లలు కుక్కల్ని పట్టుకుని కింద తిరగకూడదు అని నోటీసు అంటించారు. వాళ్లలో కొంతమందికి కుక్కంటే భయం, ఆ భయాన్ని నేను తక్కువ చెయ్యను, ఆ మాటకొస్తే మా ఆవిడ కూడా కుకీకి రెండు గజాల దూరంలోనే ఉంటుంది. కానీ పెంపుడు కుక్కల్ని లిఫ్టులోకి రాకుండా నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం పట్టుకెళ్లి పోట్లాడలేదు నేను. ఇంకెవరైనా లిఫ్టులో ఉంటే మేం ఆగుతాం, తాడు పొట్టిగా పట్టుకుంటాం, కుక్క చేసింది మేమే తీస్తాం అని మూడు మాటలు రాసిచ్చాను. నోటీసు తియ్యలేదు గానీ మమ్మల్ని ఆపడం మానేశారు. కుక్క చేసింది తియ్యడమంటే ఎలాగంటారా, పాత పేపరు, దానిపైన కవరు. ఆ పాత పేపరు మీ పత్రికే అని చెప్పడానికి సంకోచంగా ఉంది, నిన్నటిదే లెండి, చదివాకే.

మా ఏరియా పార్కుల బోర్డుల మీద ఉండే మొదటి వాక్యమే కుక్కలకు ప్రవేశం లేదని. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో కార్పొరేషనే కుక్కల కోసం ఒక పార్కు కట్టింది, మేం అంత అడగడం లేదు. ఉన్న పార్కుల్లో ఏదో ఒకదాంట్లో, ఏదో ఒక మూల, పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, తాడు కట్టి ఉన్న, టీకా కార్డు ఉన్న కుక్కల్ని, వాటితో వచ్చే పిల్లల్ని రానివ్వమంటున్నాం. రోడ్డు మీద బైకులకీ వీధి కుక్కలకీ వెరిచి నడిచే బదులు ఆ గంట పిల్లలు నిజంగానే పరుగెత్తుతారు. పాడుచేసినవాళ్లకి జరిమానా వెయ్యండి, కట్టాల్సిందే.

ఇంకో విషయం, ఇది చదివి పిల్లల వ్యాయామం కోసమని కుక్కని కొనేవాళ్లుంటారేమో, దయచేసి కొనొద్దు. కుక్క పది పన్నెండేళ్లు ఉంటుంది, మీ పిల్లాడు ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోయాక కూడా అది ఐదున్నరకి తలుపు దగ్గర నిలబడుతుంది. ఉన్న కుక్కలనే పంచుకోవచ్చు. మా రెండో అంతస్తు అబ్బాయికి కుక్క లేదు, కుకీతో వస్తానని వాళ్లమ్మని బతిమాలి ఇప్పుడు రోజూ మాతోనే వస్తున్నాడు. మొదట్లో తాకడానికి భయపడేవాడు, ఇప్పుడు సోడా బండి దగ్గర దాన్ని కదిలించడం వాడివల్లే అవుతోంది. ఈ ఇద్దర్నీ చూసి పమేరియన్ వాళ్ల పిల్లాడు, వాణ్ణి చూసి ఒక షిట్జూ వాళ్ల పిల్ల. ఏడు కుక్కల్లో మూడింటికి ఇప్పుడు పిల్లలే వెళ్తున్నారు, నాలుగు ఇంకా వాచ్‌మన్ దగ్గరే ఉన్నాయి. పోయిన ఆదివారం గేటు దగ్గర నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా కుక్కలు లేకుండా పిల్లలకి పరుగు పందెం పెట్టాను. వాచ్‌మన్ కొడుకే గెలిచాడు, రెండో స్థానం మాత్రం మా మనవరాలిది, చాలా వెనకే అనుకోండి.

మీ పాఠకుల్లో ఎవరైనా వాళ్ల ఊళ్లో మున్సిపాలిటీ పార్కులోకి కుక్కల్ని అనుమతించేలా ఒప్పించి ఉంటే, ఎవర్ని కలిశారో, అర్జీ ఎలా రాశారో మీ పేపర్లో రాయమని కోరుతున్నాను. మా అర్జీ ఇచ్చి రెండు నెలలైంది, రసీదు ఒక్కటే మా దగ్గరుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
సత్యనారాయణపురం, విజయవాడ